తాళాల్లేని స్వర్ణయుగం

ప్రాచీన భారతంలో ఇళ్లకి తాళాలే ఉండేవి కావట. లంచం మాట ఎవరూ ఎరగరట. కల్తీ అన్నది ఆంగ్లేయుల ఓడల్లో దిగిందట. శాలువా భుజాన పడగానే ప్రతి పెద్దమనిషీ చెప్పే మాట ఇదే. రుజువేదంటే, అంతా మన గ్రంథాల్లో ఉందంటాడు.

ఉంది. తెరిచి చూడండి.

శూద్రకుడి మృచ్ఛకటికంలో దొంగ శర్విలకుడు బ్రాహ్మణుడు. ఉజ్జయినిలో చారుదత్తుడి ఇంటికి కన్నం వెయ్యడానికొచ్చి, కొలతాడు మరిచిపోయాడు. అయితేనేం, ఒంటిమీద జంధ్యం ఉంది! దాంతోనే గోడ కొలిచాడు. పద్మంలా తవ్వాలా, నెలవంకలా తవ్వాలా అని తర్కించుకుని, చివరికి పూర్ణకుంభం ఖాయం చేశాడు. ఇంటాయన నిద్రలేచి ఆ పనితనాన్ని మెచ్చుకున్నాడు కూడా. తాళాల్లేవన్నది నిజమే కాబోలు. దొంగ గోడలోంచి వస్తుంటే తాళం ఎక్కడ వేస్తారు?

కౌటిల్యుడైతే అర్థశాస్త్రంలో ఉద్యోగులు ఖజానా మింగే దారులు 40 అని లెక్క తేల్చాడు. ముందు వసూలైంది వెనక రాయడం, కొంచెమిచ్చి బోలెడిచ్చినట్టు చూపడం, ఒకరికిచ్చింది ఇంకొకరి పేర రాయడం... అవినీతే లేని రాజ్యంలో ఈ పట్టిక ఎవరి కోసమో! ధాన్యంలో, నూనెలో, మందుల్లో కల్తీకి 12 పణాల జరిమానా. కల్లుపాకలకో అధ్యక్షుడు, జూదానికో అధ్యక్షుడు. జూదంలో గెలిచినదాంట్లో నూటికి 5 సర్కారుకి. మైసూరు పండితుడు శామశాస్త్రి 1909లోనే ఈ అర్థశాస్త్రాన్ని అచ్చు వేయించాడు. మన వక్తలకి మాత్రం ఇంకా తీరిక చిక్కలేదు.

కంచిలో పల్లవరాజు మహేంద్రవర్మ ఏకంగా మత్తవిలాసమనే ప్రహసనమే రాశాడు. కపాలం పోగొట్టుకున్న తాగుబోతు కాపాలికుడు ఒక బౌద్ధ భిక్షువు మీద పడతాడు. న్యాయస్థానానికి పదండంటే కాపాలికుడి పక్షానికి భయం: భిక్షువు దగ్గర విహారాల సొమ్ముంది, అధికారుల నోళ్లు నింపేస్తాడని. రాసింది ప్రతిపక్షం కాదు, సాక్షాత్తూ రాజు!

తమ మురికిని తామే రాసిపెట్టుకోవడం ఆ పూర్వీకుల గొప్పతనం. మన పెద్దమనుషులు ఆ పుస్తకాలు విప్పకుండానే వాటికి చెల్లాల్సిన గౌరవాన్ని తమ ఖాతాలో జమ వేసుకుంటున్నారు. ఇదేదో కొత్త విద్య అనుకుని మురిసిపోనక్కర్లేదు. ఒకరికి చెందింది ఇంకొకరి పేర రాయడం కౌటిల్యుడి నలభైలో ఉన్నదే. విచారణ ఎలా జరపాలో కూడా ఆయన దాని కిందే రాశాడు.