రెండో పెట్టె ఆత్మకథ

ఈ స్వీయచరిత్రకు కర్త ఒక ఫిల్ము పెట్టె. అంటే విశాఖపట్నంలోని పంపిణీ కార్యాలయాల నుంచి సినిమా రీళ్ళను రైలులోనో బస్సు మీదనో శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి, పలాసలకు మోసుకువెళ్ళిన రేకుపెట్టెల్లో ఒకటి. 1000 అడుగుల పొడవుండి సుమారు 11 నిమిషాలు నడిచే రీళ్ళు ఒక సినిమాకు 14, ఒక్కోసారి 16 కూడా అయ్యేవి గనుక వాటిని రెండు పెట్టెల్లో సర్దేవారు. కర్తకు ఎప్పుడూ విశ్రాంతి తరవాతి రీళ్ళే దక్కినందువల్ల, తాను మోసిన ఏ దెయ్యం ఎందుకు పగబట్టిందో దానికి తెలియదు, పగ తీర్చుకోవడం మాత్రమే తెలుసు.

మొదలు తెలియకపోవడం దెయ్యాల చిత్రాలకు పెద్ద లోటు కాదు. ముందు కథను కొనసాగించే చిత్రాన్ని సీక్వెల్ అంటారు గానీ, నటుడు బోరిస్ కార్లాఫ్‌తో 1932లో తీసిన 'ది మమ్మీ'కి వారసురాలిగా హాలీవుడ్‌లోని యూనివర్సల్ సంస్థ 1940లో తెచ్చిన 'ది మమ్మీస్ హ్యాండ్' పాత కథను కొనసాగించనే లేదు. సమాధి నుంచి లేచే ఆ మమ్మీ శవం పేరే మార్చి, ప్రాచీన ఈజిప్టు ఘట్టానికి పాత చిత్రంలోని దూరపు షాట్లనే వాడుకుని, వాటి మధ్య టామ్ టైలర్ అనే కొత్త నటుడి ముఖాన్ని దగ్గరి షాట్లలో అతికించింది. పిసినారితనమే, కాని తెలివైన పిసినారితనం.

తెలుగులో ఆ తెలివి దర్శకుడు బి. విఠలాచార్యది. 1951లో కన్నడంలో వచ్చిన చిత్రం పేరునూ కథనూ తీసుకుని ఆయన 1978లో జయమాలిని, నరసింహరాజు, ప్రభలతో తీసిన 'జగన్మోహిని'లో మాయలు ఎక్కువగా కెమెరాలోనివే: కెమెరాను ఆపి, మనిషిని పక్కకు తప్పించి మళ్ళీ తిప్పితే అదృశ్యం, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు చిత్రిస్తే, అంటే డబుల్ ఎక్స్‌పోజర్ చేస్తే, పారదర్శకంగా కనిపించే ఆత్మ. దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేసే ఘట్టం అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా గట్టిది కూడా. (అది ఏ పెట్టెలోని రీలన్న తగవు ఇక్కడ అనవసరం, ప్రొజెక్టరు గదిలో మూలన పడి ఉన్న పెట్టెకు నేల టికెట్టువాళ్ళ కేక ఎలాగూ వినిపిస్తుంది.) ఈజిప్టు సమాధి చూసేవాడికి దూరపు వస్తువు, చేతబడిని చిల్లంగి అని పిలిచి జడుసుకునే ఈ ఊళ్ళలో కట్టెలపొయ్యి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉండేది, ఆట విడిచాక ఆ పొయ్యి ఉన్న ఇంటికే చీకట్లో నడిచి వెళ్ళాలి.

ఆ కేకను మళ్ళీ వినాలనే ఆశతోనే కాబోలు, 1984లో అదే దర్శకుడి 'నవమోహిని' వచ్చింది. పంపిణీదారు కొత్త పెట్టె కొనలేదు. 'జగన్మోహిని' చీటీ మీదనే కొత్త చీటీ అంటించాడు.

డిజిటల్ ప్రదర్శన వచ్చి రీళ్ళు పోయాక, కర్త పలాసలో ఒక పెరటి వసారాలో జీడిపిక్కలు దాచుకునే పెట్టెగా మిగిలింది. వానకు నాని పై చీటీలో 'నవ' అన్న ముక్క ఊడిపోగా కింది నుంచి 'జగన్' బయటపడింది. దాని పక్కనున్న 'మోహిని' మాత్రం పై చీటీదే.