చందాల నాన్న

చందాల నాన్న గృహస్థుల్లో ఒక రకం. ఒకప్పుడు వినాయక చవితికి రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేసిన కుర్రాడే, పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రయ్యాక నెలనెలా తనే చందాలు కట్టే దశకు వస్తే ఈ రకం తయారవుతుంది. వయసు 35కీ 45కీ మధ్య ఉంటుంది. హాల్లో 43 అంగుళాల టీవీ, దానికి రెండు రిమోట్లు, అందులో ఒకదానికి బ్యాటరీ మూత పోయి రబ్బరు బ్యాండు: ఇవీ ఆనవాళ్లు. పిల్లలకు తగిన ఓటీటీ ఎంచిపెట్టడం అతను నెత్తికెత్తుకున్న బాధ్యత. ఎంచడంలో ఉన్న రుచి చూడటంలో లేదు కాబట్టి, చూసే పని ఇంట్లో మిగతావాళ్లకు వదిలేస్తాడు.

ఈ రకం పుట్టుక 2020 నాటిది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో, ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులో మన దేశానికి వచ్చాయి గానీ, అప్పట్లో అవి పెళ్లికాని బావమరిది వ్యవహారం. 2020లో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి, సినిమా హాళ్లకు తాళాలు పడ్డాయి, పిల్లలు పగలూ రాత్రీ కళ్లముందే తిరిగారు. తెలుగు కోసమే అంటూ ఆహా వచ్చిందీ ఆ ఏడాదే. ‘పిల్లల కోసం’ అంటే చాలు, ఇంట్లో ఏ ఖర్చయినా అడ్డు లేకుండా దాటిపోతుందని చందాల నాన్న కనిపెట్టింది అప్పుడే. ఆ మాట మీదే టీవీ మారింది, ఇంటర్నెట్ వేగం పెరిగింది, సౌండ్‌బార్ వచ్చింది. సౌండ్‌బార్ పిల్లలకెందుకని ఎవరూ అడగలేదు.

ఎంపిక శనివారం రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. ‘ఏదైనా పెట్టు నాన్నా’ అని పిల్లలు అడిగితే, ‘ఒక్క నిమిషం’ అని ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఆఫీసులో ఎక్సెల్ నేర్చుకున్నందుకు ఇంట్లో పనికొచ్చే ఏకైక సందర్భం ఇదే. నిలువు వరుసల్లో ధర, ఎన్ని తెరల మీద చూడొచ్చు, పిల్లలకు విడి ప్రొఫైల్ ఉందా, తెలుగు డబ్బింగ్ ఉందా; అడ్డ వరుసల్లో కంపెనీల పేర్లు. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ధరలు తగ్గించినప్పుడు నెలకు 149 రూపాయల ప్లాను చూసి ఇలాంటి నాన్నలు ఎందరో ఎగిరి గంతేశారు. ‘టీవీలో వస్తుందాండీ?’ అని భార్య అడిగేదాకా ఆ సంతోషం నిలిచింది. అది ఫోనుకూ ట్యాబుకూ మాత్రమే. టీవీలో కావాలంటే 199, రెండు తెరలకు 499, నాలుగు తెరలకు 649. చీరల కొట్లో తివాచీ మీద కూర్చున్నవాళ్లకు ఈ మెట్లు కొత్త కాదు. మొదట పరిచిన చీర ఎవరూ కొనరు, అది పరచడానికే ఉంటుంది. ప్రైమ్‌కు ఏడాదికి 1,499 కట్టి ఊపిరి పీల్చుకున్న నాన్నకు 2025 జూన్‌లో ప్రకటనలు మొదలయ్యాయి. అవి రాకుండా ఉండాలంటే ఏడాదికి ఇంకో 699. పట్టికలో అందుకో కొత్త వరుస చేరింది. ఇదంతా నింపి అతను తలెత్తేసరికి చిన్నవాడు సోఫాలో నిద్రపోతూ ఉంటాడు.

తరవాతి ఘట్టం అభిప్రాయ సేకరణ. ఇంట్లో అయిదుగురుంటే ఏడు అభిప్రాయాలు వస్తాయి. నాయనమ్మకు మధ్యాహ్నం నిద్రపోయి తప్పిపోయిన సీరియల్ కావాలి. చిన్నవాడికి ఛోటా భీమ్ కావాలి, అదీ తను ఇరవైసార్లు చూసిన ఎపిసోడే. పన్నెండేళ్ల పెద్దపిల్లకు కొరియా సీరియళ్లు. అందులో నటుల పేర్లు ఆమెకు మేనమామల పేర్లకంటే బాగా వచ్చు. భార్య ‘నాకేం వద్దు’ అంటుంది. ఆ ఇంట్లో నికరంగా, మొదటి నుంచి చివరిదాకా ఏదైనా చూసేది ఆమె ఒక్కతే, అదీ అందరూ పడుకున్నాక, శబ్దం బాగా తగ్గించి. ఇక నాన్న తనకంటూ ఏమీ అడగడు. అయితే పిల్లల కోసం తీసుకునే చందా ఏటా సరిగ్గా మార్చి నెలాఖరులో, ఐపీఎల్ మొదలయ్యే వారంలోనే ఎందుకు పడుతుందో పంచాంగం రాసేవాళ్లే చెప్పాలి. 2023లో జియోసినిమా ఐపీఎల్‌ను ఉచితంగా చూపించింది. ఆ ఏడాది చాలా ఇళ్లలో పిల్లల వినోదం ఊసే రాలేదు.

పట్టికలో అతన్ని బాగా ఏడిపించేది భాష గడి. పిల్లలకు తెలుగు రావాలన్నది అతని పట్టుదల. ఛోటా భీమ్ మన హైదరాబాద్ సరుకే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తయారుచేస్తే 2008లో పోగో ఛానల్లో మొదలైంది. ‘మనవాళ్లే తీశారు’ అని చందాల నాన్న వచ్చిన చుట్టాలకల్లా చెబుతాడు. చిన్నవాడు మాత్రం దాన్ని హిందీలో చూసి, హిందీలో నవ్వి, లడ్డూ కావాలని హిందీలో అడుగుతాడు. ఇలా భీముడి ఊరు ధోలక్‌పూర్ హిందీ పట్టుబడిన పిల్లలు గుంటూరులోనూ ఉన్నారు, కరీంనగర్‌లోనూ ఉన్నారు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చిన మైటీ లిటిల్ భీమ్ ఈ చిక్కు తీర్చింది. అందులో పసివాడైన భీముడికి మాటలే రావు, సంభాషణలే లేవు. తెలుగు డబ్బింగ్ గడిలో ‘ఉంది’ అనాలా ‘లేదు’ అనాలా తేల్చుకోలేక నాన్న అక్కడ ఒక గీత గీసి వదిలేశాడు.

చందా కట్టాక కాపలా మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలో వచ్చే ప్రతిదానికీ వయసు గుర్తు ఉండాలి: యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ. 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలి. బొమ్మ మొదలవగానే, అందులో ఏముందో కూడా తెర మీద రాయాలి. చందాల నాన్న అక్కడ ఆపి, ‘హింస, బూతు మాటలు’ అని పైకి చదువుతాడు. అప్పటిదాకా ఫోనులో మునిగిన పెద్దపిల్ల అప్పుడే తలెత్తి టీవీ వైపు చూస్తుంది. అయితే ఇదే మనిషి నెల కిందట ఇదే సినిమాకు, విడుదలైన మొదటి ఆదివారమే, ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని మల్టీప్లెక్సుకు వెళ్లాడు. గొడ్డలి లేచిన ప్రతిసారీ చిన్నవాడు పాప్‌కార్న్ నములుతూ ఈల వేశాడు, నాన్న ఆ ఈలను వీడియో తీశాడు. థియేటర్ సినిమాల యు/ఎకు కూడా 2023 సవరణ చట్టంతో ఈ మూడు మెట్లే వచ్చాయి. కానీ టికెట్టు కొన్న హింస వేరు, ఇంటికొచ్చిన హింస వేరు. హాల్లోకి వచ్చినదానికి తాళం పడాల్సిందే.

తాళం అంటే నాలుగంకెల పిన్. ఇందుకు చందాల నాన్న ఎంచుకునేది తన బండి నంబరు. ఎవరూ ఊహించలేరని అతని నమ్మకం. ఆ బండి మీదే, ఆ నంబరు పలక పక్కనే నిలబడి ఎక్కి, ఇద్దరు పిల్లలూ రోజూ బడికి వెళ్తారు. తాళం వేసిన మర్నాటికే ఇంట్లో పిన్ తెలియని మనిషి నాయనమ్మ ఒక్కతే. బండి అమ్మి కారు కొన్నాక ఆ నంబరు అతను కూడా మరిచిపోతాడు. అప్పుడు చిన్నవాణ్ణి పిలిచి అడగాల్సి వస్తుంది.

ప్రొఫైళ్ల సంగతీ ఇంతే. పేర్లు పెట్టి, బొమ్మలు అంటించి, ఎవరి గది వాళ్లకు ఇచ్చినట్టే ఇస్తాడు. వారం తిరగకుండా నాయనమ్మ పిల్లల ప్రొఫైల్లో భక్తి సినిమా వెతుకుతుంది, చిన్నవాడు నాన్న పేరు మీద భీముణ్ణి చూస్తాడు, పెద్దపిల్ల నాయనమ్మ పేరు మీద కొరియా వెళ్తుంది. ఆ తరవాత యాప్ నాన్నకు వరసపెట్టి రైళ్ల కార్టూన్లు సూచిస్తుంది. డెబ్బై ఏళ్ల నాయనమ్మకు సియోల్ కాలేజీ ప్రేమకథలు. అయిదో ప్రొఫైల్ చాలాకాలం బావమరిదిది. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ ‘ఒక ఇంటివాళ్లకే ఒక ఖాతా’ అని మన దేశంలోనూ కట్టడి పెట్టినప్పుడు, ‘బావా, పాస్‌వర్డ్ మార్చావా?’ అన్న ఫోన్లు చాలా ఇళ్లకు వచ్చాయి. కంపెనీ మార్చిందంటే అత్తవారింట్లో నమ్మినవాళ్లు తక్కువ.

రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల కార్డు నుంచి చందా దానంతటదే కట్ అయ్యేముందు, కనీసం 24 గంటల ముందు కబురు వస్తుంది. నాన్న ఆ మెసేజ్ మీటింగులో చూసి లెక్క వేస్తాడు: ఈ నెలలో ఇంట్లో ఎవరూ ఏమీ చూడలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, ‘తీసేస్తున్నాను’ అంటాడు. ఊరికి బయల్దేరిన చుట్టానికి అప్పుడే పిండివంటలు మొదలైనట్టు, ఆ రాత్రి టీవీ పన్నెండు దాకా మోగుతుంది. నాయనమ్మ కూడా ‘ఉండనీరా, పిల్లలు చూసుకుంటారు’ అంటుంది. చందా ఉండిపోతుంది.

ఈ జాతిలో ఉపజాతులు రెండు. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు డజను ఓటీటీలు ఉచితమని తెలిసి పొంగిపోయే నాన్న ఒకడు. వాటిలో లాగిన్ అవడం ఎలాగో కనుక్కునేలోపు ప్యాకు గడువు తీరుతుంది. రెండోవాడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. పిల్లలకు తెలుగు వస్తుందని ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ వరసగా కడతాడు. పిల్లలు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదువుకుంటారు. తెలుగు మెరుగుపడేది నాన్నకే.

ఒక్కో చందాల నాన్న దశ పెద్దపిల్ల ఉద్యోగంలో చేరేదాకా నడుస్తుంది. చందా అప్పటినుంచి ఆమె కార్డు మీద పడుతుంది. పట్టిక ల్యాప్‌టాప్‌లో ఏదో ఫోల్డరులో మిగిలిపోతుంది. అయిదు ప్రొఫైళ్లలో ఒకటి ‘నాన్న’ పేరు మీద ఉంటుంది. దాని పిన్ ఆమే పెడుతుంది, కొత్త స్కూటీ నంబరు.