రన్ దగ్గర విరిగిన వెన్ను

నన్ను బల్ల మీద పెట్టి చేయి తీసేస్తే నా అంతట నేనే తెరుచుకుంటాను. ప్రతిసారీ ఒకే చోట, ‘రన్’ అన్న మాట ఉన్న పేజీ దగ్గర. నా వెన్ను అక్కడే విరిగింది. మద్రాసులో అచ్చయిన చిన్న ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుని నేను. ఏ ఏడు పుట్టానో చెప్పే మొదటి ఆకులు ఎప్పుడో రాలిపోయాయి. వయసు దాచుకోవడానికి ఇంతకంటే మర్యాదైన దారి లేదు.

నన్ను కొన్నది తెనాలి దగ్గర ఒక ఊరి ఇంగ్లీషు మాస్టారు. ఆయన క్లాసులో పిల్లలు “రన్, ర్యాన్, రన్” అని ఎక్కాల్లా వల్లించేవారు. మొదటి రూపం, మూడో రూపం ఒకటే. ఊరంతా తిరిగి పొద్దుగూకేసరికి ఇల్లు చేరే మాటరా ఇది, అనేవారాయన.

నాలో ఆ మాటకి ఎదురుగా ఉన్నది ఒక్కటే ముక్క: పరుగెత్తు. బడిపిల్లల నిఘంటువుని కదా, చోటు తక్కువ. ఆ పొదుపే నా కొంప ముంచింది. “మై ఫాదర్ రన్స్ ఎ హోటల్” అని బోర్డు మీద రాస్తే, ఒక కుర్రాడు “మా నాన్న హోటలును పరుగెత్తించును” అని తెలుగు చేశాడు. క్లాసంతా ఘొల్లుమంది. వాడు ఏడుపు మొహంతో నన్ను చూపించాడు. “ఇందులో ఇదే ఉందండీ.” మాస్టారు వాణ్ణేమీ అనలేదు. ఆ రాత్రి పెన్సిలు చెక్కుకుని, నా పేజీ అంచున ‘నడుపు’ అని రాశారు.

అక్కణ్ణుంచి ఆయనకదో పిచ్చి అయింది. ఇంగ్లీషువాడు పరుగెత్తించే వాటిని తెలుగువాడు నింపాదిగా నడిపిస్తాడు. బస్సు నడుస్తుంది, బడి నడుస్తుంది, ప్రభుత్వం నడుస్తుంది. స్టేషన్లో మైకు “రెండు గంటలు ఆలస్యంగా నడుస్తున్నది” అంటుంది. ఆ ఒక్క విషయంలో మన మాటే నిజానికి దగ్గర. నడవనివి మరికొన్ని: రైసుమిల్లు ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. ముక్కు కారుతుంది, చీర రంగు దిగుతుంది. ఎన్నికల్లో అమెరికావాడు పరుగు తీస్తే, మనవాడు నిలబడతాడు. ఇవన్నీ పెన్సిలుతో నా అంచుకెక్కాయి.

ఒకనాడు వంటింట్లోంచి ఆయన భార్య “బియ్యం నిండుకున్నాయండీ” అని కేక వేశారు. మాస్టారు గబగబా నన్ను తెరిచి ‘రన్ అవుట్: నిండుకొను’ అని రాశారు. లేవని నోటితో అనలేక నిండుకున్నాయనడం! ఇంగ్లీషులో డబ్బా ఖాళీ, తెలుగులో నిండు. ఆయన ఎంతో తృప్తిగా పెన్సిలు చెవిలో పెట్టుకున్నారు. బియ్యం సంగతి మాత్రం ఆవిడే చూసుకున్నారు.

పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఒకటి అనుకునే పిల్లలతో ఆయనకి పెద్ద తంటా. స్ప్రింట్, జాగ్, ఫ్లీ అన్నీ పరుగేగా అనేవారు వాళ్లు. కాదు. ఉన్న శక్తంతా పెట్టి కాస్త దూరమే దూసుకుపోతే స్ప్రింట్. ఒంటి కోసం మెల్లగా తీసే పరుగు జాగ్. ఫ్లీ అనాలంటే వెనకాల భయం తరుముతుండాలి. “అప్పిచ్చినవాడు ఎదురైతే ఎవడైనా జాగింగ్ చేస్తాడట్రా? కాలికి బుద్ధి చెబుతాడు!” అనేవారు.

ఆక్స్‌ఫర్డ్‌లో మాకు జమీందారులాంటి బంధువు ఒకాయన ఉన్నాడు. 1989 నాటి ఆయన కూర్పులో అన్నిటికన్నా పెద్ద క్రియ ‘సెట్’, 430కి పైగా అర్థాలతో. తరవాత కొత్త కూర్పు కోసం పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ‘రన్’ పట్టుకుని తొమ్మిది నెలలు కూర్చుంటే, దాని క్రియారూపానికే 645 అర్థాలు లెక్క తేలాయి. గడియారం వచ్చినా, ఇంజను వచ్చినా, కంప్యూటరు వచ్చినా ఆ మాటకి పని పెరుగుతూనే వచ్చింది మరి. అచ్చులో నాకున్నది ఒకటి. సిగ్గుపడనా?

మాస్టారు రిటైరయ్యాక, కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పోషించిన బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఆయన చేతికొచ్చింది. అందులో ‘పాఱు’ అన్న మాటకి పరుగెత్తడం, ప్రవహించడం రెండూ ఉన్నాయి. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జర్మనులో రన్‌కి దాయాది అయిన రిన్నెన్‌కి ఇప్పటికీ అర్థం కారడం, పారడమే. ఇన్నాళ్లూ పరుగెత్తు, నడుపు అంటూ ఊరంతా వెతికితే, అసలు జోడీ ఇంటి ముందు కాలవలోనే ఉంది. కాలవ పారుతుంది. దొంగ పారిపోతాడు. ఎత్తు ఫలిస్తే పాచిక పారిందంటాం. ఆ ఒక్క మాటనీ ఎర్రసిరాతో రాసి, కింద రెండు గీతలు గీశారు.

ఆయన పోయాక నన్ను తూకానికి వేశారు. బెజవాడ లెనిన్ సెంటర్లో కొన్నేళ్లు, హైదరాబాద్ కోఠీలో కొన్నాళ్లు దుమ్ము తిన్నాను. ఇప్పుడు అమీర్‌పేటలో, కోచింగ్ పిల్లలుండే హాస్టల్లో, కరీంనగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి మంచం మీద ఉన్నాను. కొన్న రోజే ఆ పేజీ తెరుచుకుంది. పెన్సిలు రాతలన్నీ చదివి నవ్వింది. “అన్నీ రాసిండు, గిది మర్చిండు” అని ‘ఉరుకు’ చేర్చింది.

నిన్న రాత్రి పక్క మంచం పిల్ల లాప్‌టాప్ ముందు తల పట్టుకుని “కోడ్ రన్ అయితలేదే” అంది. మా అమ్మాయి పెన్ను తీసి, పేజీని అటూ ఇటూ తిప్పి, మూల మిగిలిన ఇసుమంత జాగాలో నిలువుగా రాసింది: ‘రన్ అవు’. ఇంగ్లీషు మాటకి తెలుగు అర్థంగా ఆ ఇంగ్లీషు మాటే. మాస్టారుంటే దెబ్బలాడేవారో, ఎర్రసిరా తీసేవారో. ఆ పేజీ అంచున ఇప్పుడు చోటు నిండుకుంది.