నీళ్లు నమిలే ఊరు

జవాబు చెప్పలేక తడబడేవాడిని నీళ్లు నములుతున్నాడని అనడం తెలుగునాట పరిపాటి. నీటిని తాగగలమే గాని నమలలేమన్న నమ్మకం మీదనే ఈ నుడికారం నిలిచి ఉన్నది. పల్నాడులో, అందులోనూ సున్నపు బట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ల వంటి పట్టణాలలో, బోరు నీరే కుళాయిలోకి వచ్చే ఇళ్ల విషయంలో మాత్రం ఈ నమ్మకాన్ని కొంత సవరించుకోక తప్పదు. శ్రీనాథుడిదిగా ప్రచారంలో ఉన్న ఒక చాటువు నాగులేటి నీళ్లనూ నాపరాళ్లనూ ఒకే ఊపిరిలో తలుస్తుంది. విమర్శకులు అందులో భోగాలకు అలవాటుపడిన కవి విసుగును చూశారు గాని, ఆ నీటికీ ఆ రాతికీ ఉన్న చుట్టరికాన్ని అంత క్లుప్తంగా చెప్పిన భూజల నివేదిక మరొకటి దొరకడం కష్టం.

ఆ చుట్టరికం ఎలా కలిసిందంటే, వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం సంతరించుకుంటుంది, ఆ పులుపుతో సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది, కరిగిన రాతిని కాల్షియం బైకార్బనేటు అనే రూపంలో కడుపులో దాచుకొని పైకి మాత్రం స్ఫటికంలా కనబడుతుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఇలా అధికంగా ఉన్న నీటినే శాస్త్రజ్ఞులు కఠిన జలం అంటారు, గృహిణులు ఉప్పు నీళ్లంటారు. ఇందులో కాచినప్పుడు విడిపోయి గిన్నె అడుగున పేరుకునే బైకార్బనేట్ల వల్ల కలిగేది తాత్కాలిక కాఠిన్యం, ఎంత కాచినా కదలని సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల కలిగేది శాశ్వత కాఠిన్యం. మొదటిది కొత్త అల్లుడి అలక, రెండోది దాయాదుల పగ, పల్నాటి చరిత్ర చదివినవారికి రెండోదాన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యాన్ని ఆమోదిస్తుంది, వేరే నీటి వనరు లేనిచోట 600 వరకు సహిస్తుంది. మధ్యేమార్గంగా 300 అనుకొని, రోజుకు వెయ్యి లీటర్ల తొట్టి ఖాళీ చేసే ఇంటిని తీసుకొని లెక్కవేస్తే, ఆ ఇంటిలోకి ఏడాదికి క్వింటాలుకు పైగా సున్నపురాయి లారీ లేకుండా, కూలి లేకుండా, గొట్టం దారినే వచ్చి చేరుతున్నదని తేలుతుంది. అందులో చాలాభాగం వచ్చిన దారినే వెళ్లిపోతుంది గాని, మిగిలినది బకెట్టు అంచున తెల్లని కంకణమై, షవరు రంధ్రాలలో బిరడాయై, హీటరు రాడ్డు మీద పెంకై స్థిరపడుతుంది. బొర్రా గుహలలో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలను టిక్కెట్టు కొనుక్కొని చూసేవారు, స్నానాల గదిలో కారుతున్న కుళాయి మూతిన అదే రసాయన చర్యతో మొలుస్తున్న ఊడను చింతపండు పెట్టి తోమడం అన్యాయమే. చింతపండులోని ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది కాబట్టి ఆ అన్యాయం శాస్త్రసమ్మతం కూడా.

సబ్బు సంగతి ఇంతకన్నా దయనీయం. సబ్బు నీటిలోని కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది, కాల్షియం అంతా తీరిపోయేవరకు నురుగనే మాట ఎత్తదు. పై లెక్క ప్రకారమే 20 లీటర్ల బకెట్టు నీరు, నురుగు కనబడకముందే, సుమారు 35 గ్రాముల సబ్బును మింగుతుంది. కుంకుడుకాయ రసానికి నురుగునిచ్చే సపోనిన్ సబ్బు జాతిది కాదు కాబట్టి అది ఇంత తేలికగా లొంగదు. ఈ ఊళ్లలో పెద్దవారి తలంటు పట్టుదలను కేవలం ఛాందసమని కొట్టివేయరాదు. ఇళ్లలో మగవారు జుట్టు రాలడానికి కూడా ఈ నీటినే కారణంగా చూపడం గమనించదగినది, ఎందుకంటే తండ్రి తలనో తాత తలనో చూపడం కంటే కుళాయిని చూపడంలో మర్యాద ఉన్నది.

వంటింటిలో కాల్షియం పప్పు గింజల కణాలను అతికి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని పట్టుకొని బిగిస్తుంది, అందువల్ల కందిపప్పు కుక్కరు ఎన్ని కూతలు వేసినా మెత్తబడదు. తమ పప్పులు ఉడకవని ఎదుటివారిని హెచ్చరించే తెలుగువారి మాట ఇటువంటి ఊరిలోనే పుట్టి ఉండాలని ఊహించడానికి శాసనాధారం లేదు గాని, వంటింటి ఆధారం పుష్కలంగా ఉన్నది. అత్తగారు కోడలిని, కోడలు కుక్కరును, ఇద్దరూ కలిసి కొట్టువాడిని అనుమానించిన తరువాత గాని నీటి మీదికి చూపు పోదు. ఆపైన పప్పుకు క్యాను నీళ్లు, తాగడానికీ క్యాను నీళ్లు, గిన్నెలకు బోరు నీళ్లు అని ఇంటిలో నీటికి అంతస్తులు ఏర్పడతాయి. కృష్ణ నీళ్లు వస్తాయా అన్నది అద్దె ఎంత అన్నదానికంటే ముందు అడిగే ప్రశ్న కావడం ఇందువల్లనే.

నీటి మీద పుట్టిన ఈ అనుమానాన్ని ఆసరా చేసుకొని శుద్ధి యంత్రాలు అమ్మేవాడు గుమ్మంలోకి వస్తాడు. అతడు రెండు గ్లాసులలో, ఒకదానిలో కుళాయి నీరు, ఒకదానిలో తన యంత్రపు నీరు పోసి, విద్యుత్తు కడ్డీలు ముంచగానే మొదటి గ్లాసు మురికి గోధుమరంగుకు తిరుగుతుంది, గృహిణి గుండె చెరువవుతుంది. ఆ రంగు నీటిది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి పట్టిన తుప్పుది; లవణాలు తీసివేసిన నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు కాబట్టి రెండో గ్లాసు నిర్దోషిగా కనబడుతుంది. కాఠిన్యం వరకే అయితే దానికి ఆరోగ్యం దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ పరిమితీ విధించలేదన్న సంగతి ఆ ప్రదర్శనలో వినబడదు.

నిజానికి 1841లోనే అబర్డీన్ రసాయనాచార్యుడు థామస్ క్లార్క్, తాత్కాలిక కాఠిన్యం గల నీటిలో లెక్కప్రకారం మరికాస్త సున్నం కలిపితే ఉన్న సున్నమంతా అడుగుకు దిగిపోతుందని కనిపెట్టి పేటెంటు పొందాడు. సున్నాన్ని సున్నంతోనే తీయాలన్న ఈ సూత్రానికి పిడుగురాళ్లకు మించిన రంగస్థలం ఉండదు. కాకపోతే కుళాయి దింపే రాయి బట్టీలో కాలనిది కాబట్టి సున్నంగా పనికిరాదు. అందువల్ల ఏటా క్వింటాలు రాయి ఉచితంగా అందుకునే గృహస్థు కూడా, పండుగకు గోడలకు వెల్ల వేయించాలంటే సంచి పట్టుకొని బజారుకు వెళ్లి సున్నం కొనుక్కొస్తాడు, తెచ్చిన సున్నాన్ని ఆ కుళాయి నీటిలోనే కలుపుతాడు.