బొమ్మకు పేరు, పాడినవాడికి కూలి

బిల్‌బోర్డ్ పత్రిక లెక్కలో 1969వ సంవత్సరానికి అమెరికాలో అగ్రస్థానం దక్కిన పాట ‘షుగర్, షుగర్’. పాడిన బృందం పేరు ఆర్చీస్. ఆ బృందంలో మనిషన్నవాడు లేడు. ఐదు కార్టూన్ బొమ్మలు, తోడుగా ఒక కార్టూన్ కుక్క, అంతే. కాబట్టి 2025లో కంప్యూటర్ పాటల బృందం వెల్వెట్ సన్‌డౌన్ బండారం బయటపడగానే, మనుషుల్లేని బృందం లోకంలో ఇదే మొదటిదని గుండెలు బాదుకున్నవాళ్లు యాభై ఆరేళ్లు ఆలస్యంగా నిద్రలేచారు. అరవైల దశకంలో ఇలాంటి మోసాలు ఎక్కడివని నిట్టూర్చినవాళ్ల సంగతి ఇంకా ముచ్చటైనది. వాళ్లు దణ్ణం పెడుతున్న ఆ స్వర్ణయుగమే ఈ సరుకుకు పుట్టిల్లు.

ఆ పుట్టింట్లో రెండు గదులున్నాయి. పదేళ్ల పిల్లల జేబులో చిల్లర కోసం కుట్టిన పాటలు బబుల్‌గమ్ పాప్. వాళ్ల అన్నలూ అక్కలూ వినడానికి నాలుగైదు గొంతులు పేర్చి, వయొలిన్లు జల్లి, కాలిఫోర్నియా ఎండలో ఆరబెట్టినవి సన్‌షైన్ పాప్. రెండు గదుల వంటా చాలావరకు ఒకే పద్ధతిలో జరిగేది.

వరుస మంకీస్‌తో మొదలవుతుంది. టీవీ కార్యక్రమానికి 17 నుంచి 21 ఏళ్ల తిక్క కుర్రాళ్లు నలుగురు కావాలని 1965 సెప్టెంబరులో హాలీవుడ్ పత్రికల్లో ప్రకటన పడింది. నాలుగువందలమందికి పైగా వచ్చారు. ఏరిన నలుగురినీ మరుసటి ఏడాది ఎన్‌బీసీ తెరకెక్కించింది. పాటలు నీల్ డైమండ్ లాంటివాళ్లు రాశారు, వాద్యాలు చాలావరకు స్టూడియో కళాకారులు వాయించారు, కుర్రాళ్లు గొంతులిచ్చారు. 1967 జనవరిలో వాళ్ల రెండో ఆల్బమ్ వాళ్లకే తెలియకుండా బజారులోకి వచ్చింది. నలుగురిలో ఒకడైన మైక్ నెస్మిత్ హోటల్ గదిలో గోడకు గుద్ది కన్నం పెట్టాడు. సంగీత పర్యవేక్షకుడు డాన్ కిర్ష్‌నర్ ఉద్యోగం ఊడింది. మూడో ఆల్బమ్ ‘హెడ్‌క్వార్టర్స్’లో వాద్యాలు చాలామటుకు వాళ్లే వాయించుకున్నారు. అది ఒక్క వారం మొదటి స్థానంలో నిలిచి, బీటిల్స్ వారి ‘సార్జెంట్ పెప్పర్’కు చోటిచ్చి తప్పుకుంది. నకిలీగాళ్లన్న బిరుదు మాత్రం, మా వాద్యాలు మేమే వాయిస్తామని పోట్లాడిన ఆ నలుగురికే స్థిరపడింది.

కిర్ష్‌నర్ దీన్నుంచి నేర్చుకున్న పాఠం ఒక్కటే. గోడకు గుద్దే చేతులున్నవాళ్లను పెట్టుకోకూడదు.

1968 సెప్టెంబరు నుంచి సీబీఎస్‌లో శనివారం పొద్దున్నే ఆర్చీ కార్టూన్ మొదలైంది. 1941 నుంచి కామిక్ పుస్తకాల్లో హైస్కూలే వెలగబెడుతున్న కుర్రాడు ఆర్చీ. ఇరవై ఏడేళ్లయినా స్కూలు దాటని ఆ విద్యార్థి చేతికి గిటారు, జగ్‌హెడ్‌కు డ్రమ్ములు, వెరోనికాకు కీబోర్డు ఇచ్చారు. ఇంతకంటే బుద్ధిమంతులైన కళాకారులు ఏ రికార్డు కంపెనీకీ దొరకలేదు. వాటా అడగరు, జుట్టు పెంచరు, వియత్నాం గురించి నోరు జారరు, పెళ్లిచేసుకుని అభిమానుల గుండెలు పగలగొట్టరు.

‘షుగర్, షుగర్’ పాట రాసింది జెఫ్ బ్యారీ, ఆండీ కిమ్. ఆర్చీ గొంతు రాన్ డాంటేది. టోనీ వైన్ జతకలిసి పాడింది. అది అమెరికాలో నాలుగు వారాలు, బ్రిటన్‌లో ఎనిమిది వారాలు మొదటి స్థానం వదల్లేదు. అదే ఏడాది శరదృతువులో కఫ్ లింక్స్ అనే మరో బృందం ‘ట్రేసీ’ పాటతో మొదటి పదిలోకి వచ్చింది. అందులో వినిపించే గొంతులన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చిన రాన్ డాంటే గొంతులే. ఆ సీజన్లో ఆయన ఒక్కడే రెండు బృందాలు. రెండింటి పేర్లలోనూ ఆయన లేడు.

ఇక అట్టపెట్టె ఘట్టం. ఆర్చీస్ పాటలను పోస్ట్ కంపెనీ సూపర్ షుగర్ క్రిస్ప్ డబ్బా వెనక, సాక్షాత్తూ ఆ అట్టమీదే, రికార్డుగా అచ్చువేసి అమ్మారు. పిల్లవాడు శనివారం కార్టూన్ చూడాలి, అమ్మ కొంగుపట్టుకుని డబ్బా కొనిపించాలి, చక్కెర పూసిన ఆ గింజలన్నీ ఖాళీ చేయాలి, కత్తెర పట్టుకుని గుండ్రంగా అట్ట కత్తిరించాలి, గ్రామఫోన్ మీద పెట్టి ముల్లు ఆనించాలి. కత్తెర వంకరపోతే పల్లవి గోవిందా. పాటకు అట్ట ఉండటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అట్టే పాట కావడం ఈ స్వర్ణయుగానికి తగిన ముచ్చట. చక్కెర పూసిన తిండి, చక్కెర పేరున్న పాట, రెంటికీ మధ్య ప్రకటనగా ఒక కార్టూన్. ఇందులో ఏది దేన్ని అమ్మడానికి పుట్టిందో చెప్పమంటే కిర్ష్‌నర్ కూడా కాసేపు తల గోక్కునేవాడేమో.



బుద్దా రికార్డ్స్‌లో నిర్మాతలు కాసెనెట్జ్, కాట్జ్ బొమ్మల ఖర్చు కూడా మిగుల్చుకున్నారు. ఒహాయో ఎక్స్‌ప్రెస్ పేరుతో 1968లో నాలుగో స్థానం చేరిన ‘యమ్మీ యమ్మీ యమ్మీ’లో గొంతు న్యూయార్క్ పాటల రచయిత జోయీ లెవీన్‌ది. నమూనాగా పాడిన గొంతునే ఉంచేశారు. ఒహాయో కుర్రాళ్ల పని ఊరూరా తిరిగి వేదికమీద ఆ గొంతును అనుకరించడం. మరుసటి ఏడాది అదే పేరుతో వచ్చిన ‘సాసలిటో’ పాడింది ఇంగ్లండువాడు గ్రహమ్ గౌల్డ్‌మన్. లెమన్ పైపర్స్ ‘గ్రీన్ టాంబురిన్’ను ఇష్టంలేకుండానే పాడి సంస్థకు మొదటి అగ్రస్థానం తెచ్చిపెట్టారు.

సన్‌షైన్ గదిలో మర్యాద ఎక్కువ. అక్కడ పాడేవాళ్లు నిజంగానే పాడేవారు. అసోసియేషన్ ‘విండీ’లో, మామాస్ అండ్ పాపాస్‌లో, ఫిఫ్త్ డైమెన్షన్‌లో వెనక వాయించింది మాత్రం లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో గంటల లెక్కన పనిచేసిన ఒకే ముఠా. రెకింగ్ క్రూ అంటారు. డ్రమ్ములు హాల్ బ్లేన్, బేస్ జో ఓస్బర్న్ లేదా కరోల్ కే. 1967 జులైలో డెట్రాయిట్ అల్లర్లలో తగలబడి 43 మంది పోతుంటే రేడియోలో ఫిఫ్త్ డైమెన్షన్ పాటలోని బెలూన్ హాయిగా పైపైకి ఎగురుతూనే ఉంది. పాల సంఘం ప్రకటనల్లో నవ్విన కౌసిల్స్ కుటుంబాన్ని చూసి 1970లో పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ అల్లారు. ఆ టీవీ కుటుంబంలో రికార్డుకు పాడింది ఇద్దరే.

గొంతు ఒకరిది, ముఖం మరొకరిది అయినంత మాత్రాన ఎవరి కొంపా మునగదు. తెలుగు సినిమా చాలావరకు అలాగే బతికింది. రామారావు పెదవులాడించాడు, ఘంటసాల పాడాడు, గ్రామఫోన్ రికార్డు మీద ఘంటసాల పేరు పడింది. అమెరికాలో మాత్రం పాడినవాడి పేరు తీసి బొమ్మ పేరు వేశారు. వాయించినవాళ్ల పేర్లు చాలా అట్టలమీద అసలు వెయ్యనేలేదు. బర్డ్స్ వారి ‘మిస్టర్ టాంబురిన్ మ్యాన్’లో బృందం తరఫున వాద్యం పట్టింది రోజర్ మగ్విన్ ఒక్కడే, మిగతాదంతా ఈ కూలివాళ్లే. ఆ బృందాన్ని మంకీస్‌లా ఎవరూ వెక్కిరించలేదు. గంభీరమైన రాక్ కాబట్టి అక్కడ దొంగతనం కళ అయింది. ఈ రెండు నాల్కల విమర్శకుల వారసులే ఇప్పుడు కంప్యూటర్ పాటను చూసి నైతికత గురించి పాఠాలు చెబుతున్నారు.

ఆ ముఠాలో గిటారు వాయించిన టామీ టెడెస్కో కొడుకు డెనీ, తండ్రి గురించీ సహచరుల గురించీ తీసిన డాక్యుమెంటరీ 2008లోనే పూర్తయింది. థియేటర్లకు వచ్చింది 2015లో. అందులో వినిపించే పాటల హక్కులకు డబ్బు కట్టాలి. తండ్రీ, ఆయన మిత్రులూ సొంత వేళ్లతో వాయించిన పాటలు వినిపించడానికి కొడుకు ఏళ్ల తరబడి చందాలు పోగుచేశాడు. సిగ్గుమాలినతనానికి ఇంతకంటే రశీదు అక్కర్లేదు.

2024 జూన్‌లో యూనివర్సల్, సోనీ, వార్నర్ కలిసి, కంప్యూటర్ చేత పాటలు చేయించే సూనో, యూడియో కంపెనీల మీద కోర్టుకెక్కాయి. తమ రికార్డింగులు వాడుకుని యంత్రాలకు పాట నేర్పారని ఫిర్యాదు. కళాకారుల కష్టం, మానవ సృజన అంటూ గురివింద గింజలు గొంతెత్తాయి. బర్డ్స్ రికార్డులు వేసిన కొలంబియా ఇవాళ సోనీ సొత్తు, మంకీస్ పాటలు వార్నర్ గోదాములో ఉన్నాయి. 2025 అక్టోబరులో యూనివర్సల్ యూడియోతో, నవంబరులో వార్నర్ సూనోతో రాజీపడి, యంత్రం చేత పాటలు చేయించే వ్యాపారంలో భాగస్వాములయ్యాయి.