పసుపు అక్కకు, పసుపు చేను నాకు

మా ఆర్మూర్ వాళ్లకు పసుపు లెక్క తెలియదని ఎవరైనా అంటే ఊరుకోం. కొమ్ము విరిచి లోపలి రంగు చూసి, ఎంత ఎండిందో, ఎంత ధర పలుకుతుందో చెప్పేస్తాం. కొమ్ముకో రేటు, మండకో రేటు. రేటు పడిపోతే రోడ్డెక్కుతాం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం 170 మందికి పైగా రైతులు నిలబడి, అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చి, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టించిన జిల్లా మాది. 2025 సంక్రాంతికి బోర్డు వచ్చింది కూడా. ఆడబిడ్డ వాటా ఎజెండాగా ఒక్క నామినేషన్ పడిందని నేనైతే వినలేదు. ఆ వాటా ఎంతో అందరికీ తెలుసు కదా మరి. చిటికెడు. అదీ కుంకుమతో కలిపి.

పసుపు కుంకుమల కింద కూతురికి రెండు మళ్లు రాసిచ్చామని చెప్పుకునే పెద్దమనుషులు మన దగ్గర ఎప్పుడూ ఉన్నారు. 'రాసి' అన్నది మాటవరసకే. నోటితో ఇస్తారు, పంట బాగా వచ్చిన ఏడాది నోటితోనే తీసుకుంటారు. నోటిమాట చాలదు, రిజిస్టరు దస్తావేజు ఉండాల్సిందేనని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చాక మా పని ఇంకా తేలికైంది. దస్తావేజు లేకుండా ఇవ్వడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు.

ఇక మా ఇంటి సంగతి. అమ్మ ముందే పోయింది. నాన్న పోతూ ఆరెకరాలు వదిలాడు. వారసులం అక్కా, నేనూ. ఆరును రెండుతో భాగిస్తే మూడని బడిలో చెప్పారు గానీ, అక్క అయిదో తరగతితో ఆపేసి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది కాబట్టి ఆ లెక్క ఆమెకు వర్తించదని నా అభిప్రాయం. అట్లాగని అన్యాయం చేశామనకండి. కట్నం ఇచ్చాం. 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. చేసిన నేరాన్ని దాచకుండా ఒప్పుకుని, దాన్నే వాటా కింద జమ కడుతున్నాం. ఇంతకన్నా నిజాయితీ ఏం కావాలి?

చట్టాలకే మా మీద పగ. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలోనే ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు అన్నారు. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లయిపోయినవాళ్లకు లేదన్నారు కాబట్టి కొన్నాళ్లు ఊపిరి పీల్చుకున్నాం. 2005 సెప్టెంబర్ 9న కేంద్రం వచ్చి పెళ్లయినా, కాకున్నా పుట్టుకతోనే హక్కు అంది. అయ్యో, అప్పటికే తండ్రి పోయాడు కదా అని కొందరు కోర్టుకెక్కితే, తండ్రి ఉన్నా లేకున్నా కూతురు కూతురేనని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపూ మూసింది.

అయితే ఒక కిటికీ ఉంది. 2004 డిసెంబర్ 20కి ముందే పంపకాలైపోతే వాటిని కదపరు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మా వైపు మగవాళ్ల జ్ఞాపకశక్తి చూడాలి! నాన్న తద్దినం ఏ తిథో భార్యనడిగి తెలుసుకునేవాడు కూడా, 2004 దసరాకు వేపచెట్టు కింద పంచుకున్నామని కూర్చున్నవాళ్ల పేర్లతో సహా చెబుతాడు. నోటి పంపకాలను మామూలుగా నమ్మవద్దని, కాగితం చూపాలని అదే తీర్పులో ఉంది. తీర్పు మొత్తం చదివే తీరిక ఎవరికుంది?

అందుకే అక్కను వొడిబియ్యానికి పిలిచాను. ముహూర్తం పొద్దున పదింటికి, తహసీల్ ఆఫీసులో స్లాట్ పన్నెండింటికి. పట్టుచీర తెచ్చాను. నా భార్య పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, మా చేన్లోవే అయిదు పసుపు కొమ్ములు ఒళ్లో పోసింది. అక్క కళ్లలో నీళ్లు. ఇదే అదను. కొంగు బరువుగా ఉన్నప్పుడే కాగితం పెట్టాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండవు.

"అక్కా, నీకేం తక్వ? బావ దుబాయ్‌ల సంపాదిస్తుండు. ఈడ ఒక్క సంతకం పెట్టు, మిగిలింది ఆఫీసుల జూసుకుందాం."

పెట్టేదే. పక్కన మా మేనకోడలు లేకపోతే. దానికి మొన్ననే పద్దెనిమిది నిండాయి. మా దగ్గర ఆడపిల్లకు పద్దెనిమిది నిండడమంటే ముహూర్తం నిండినట్టే. బాల్యవివాహ నిషేధ చట్టం దయ వల్ల అప్పటిదాకా ఆగుతాం. కల్యాణలక్ష్మి చెక్కుకూ ఆ వయసే కావాలి, హక్కు వదిలేసే సంతకం చెల్లడానికీ ఆ వయసే కావాలి. మైనరు వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి తేవాలి మరి, ఎవడు తిరుగుతాడు? అట్లా పెళ్లిచూపులకు సిద్ధం చేస్తున్న పిల్ల, కాగితం లాక్కుని చదవడం మొదలుపెట్టింది. బిగ్గరగా.

"2004లోనే మా తండ్రియు, తమ్ముడును పంచుకొనియున్నారని నాకు తెలియును..." అక్కడ ఆగి నా వంక చూసింది. "మామా, 2004ల నువ్వు ఏడో తరగతి గదా?"

ఇంట్లో చదువులు పెరిగితే ఇదే గొడవ. వీడీసీలో పెడతానన్నాను. మా ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీ అంటే సామాన్యం కాదు, జరిమానాలతో, సామాజిక బహిష్కరణలతో పేపర్లకెక్కిన పరపతి. కుర్చీల్లో కూర్చునేది మగవాళ్లే కాబట్టి అభిప్రాయభేదాలు తక్కువ. పిల్ల జంకలేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ను ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉందట. ఎవరు చెప్పారే నీకు అంటే, కాలేజీలో మీటింగ్ పెట్టారంది. ఆడపిల్లల కాలేజీలో మీటింగులెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

అక్క ఏమీ అనలేదు. వొడిలోంచి అయిదు పిడికిళ్ల బియ్యం తీసి, ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి వదిలింది. కాగితం మాత్రం వదల్లేదు. మడిచి, బియ్యంలో పసుపు కొమ్ముల పక్కన పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని ఆర్మూర్ బస్సెక్కింది.

స్లాట్ పోయింది. నేనిప్పుడు మా ఏడో తరగతి దోస్తులను వెతుకుతున్నాను. ఆ డిసెంబర్‌లో, అర్ధ సంవత్సర పరీక్షల రోజుల్లో, నన్ను పొలం గట్టు మీద హద్దురాళ్లు పాతుతుండగా చూశామని ఎవరైనా చెబుతారేమోనని.