దిక్కులు చాలని దౌత్యం

2022 ఆగస్టు 15న మన దేశం శ్రీలంక నౌకాదళానికి డోర్నియర్ నిఘా విమానం ఇచ్చింది. ఆ వేడుకకు అప్పటి అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘే స్వయంగా వచ్చారు. సముద్రం మీద ఎవరెవరు తిరుగుతున్నారో కనిపెట్టడం ఆ విమానం పని. పెద్దగా వెతకాల్సిన శ్రమ లేకుండా మర్నాడు పొద్దున్నే చైనా నౌక యువాన్ వాంగ్-5 హంబన్‌టోట రేవుకు వచ్చేసింది. ఉపగ్రహాల, క్షిపణుల జాడ తీసే నౌక అది. అంతకుముందు ఢిల్లీ గొణిగితే కొలంబో పెద్దలు రాక వాయిదా వేసుకోమన్నారు. బీజింగ్ మొహం మాడ్చుకుంటే రమ్మన్నారు. మా జలాల్లో పరిశోధనలు చేయకూడదని ఓ షరతు పెట్టి, అంతటికీ సమతుల విదేశాంగ విధానమని పేరెట్టారు. పెట్రోలు కోసం లంక జనం బారులు తీరిన ఆ ఏడాదే భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది.

కొలంబో రేవు కథ ఇంకా బాగుంటుంది. తూర్పు టెర్మినల్‌ను భారత్, జపాన్‌లతో కలిసి అభివృద్ధి చేస్తామని 2019లో రాసుకున్నారు. కార్మిక సంఘాలు ఒప్పుకోలేదని 2021 ఫిబ్రవరిలో కాదన్నారు. పోనీ, పడమర తీసుకోండన్నారు. అది అదానీకి వెళ్లింది. దక్షిణం అప్పటికే చైనా కంపెనీ చేతిలో ఉంది. దిక్కులు నాలుగే కావడం దౌత్యవేత్తలకు ఎంత ఇబ్బంది!

వైభవమంతా మత్తలలో చూడాలి. చైనా అప్పుతో కట్టి 2013లో తెరిచిన ఈ విమానాశ్రయానికి విమానాలు రాక, ఒక దశలో ధాన్యం నిల్వ చేశారు. 2024లో దాని నిర్వహణను ఒక భారత కంపెనీకీ ఒక రష్యా కంపెనీకీ కలిపి 30 ఏళ్లకు అప్పగించాలని కేబినెట్ నిర్ణయించింది. దగ్గర్లోని హంబన్‌టోట రేవు 2017లోనే చైనా కంపెనీకి పోయింది. రేవు వాళ్లకు, విమానాశ్రయం వీళ్లకు: పెద్దమనిషి అన్నదమ్ములకు వాటాలు పంచినట్టే ఉంది. కాకపోతే ఆస్తి పెద్దమనిషిది.

పాక్ జలసంధిలో మాత్రం ఈ తూకం అక్కరకు రాదు. తమిళనాడు ట్రాలర్లకు జాఫ్నా జాలర్ల వలలు పోతాయి, లంక నౌకాదళానికి రామేశ్వరం పడవలు పోతాయి. ఉమ్మడి ప్రకటనల్లో మానవతా దృక్పథం మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

రణిల్ తర్వాత అధ్యక్షుడైన అనుర కుమార దిసనాయకే 2024 డిసెంబరులో ఢిల్లీకి, మరుసటి నెలే బీజింగ్‌కు వెళ్లొచ్చారు. మీకు వ్యతిరేకంగా మా నేలను వాడనివ్వమని ఇక్కడ మాటిచ్చారు. అక్కడ 370 కోట్ల డాలర్ల చమురు శుద్ధి కర్మాగారానికి సంతకం చేయించారు, అదీ హంబన్‌టోటలోనే. ఇద్దరు బలవంతుల నడుమ చిన్న దేశానికి వేరే దారి లేదంటారా? కావచ్చు. అయితే దాన్ని గత్యంతరం లేక చేసిన పని అనండి, విధానమనకండి. 99 ఏళ్లకు రాసిచ్చిన హంబన్‌టోట రేవు లీజు 2116 దాకా ఉంది.